నా వంతు పది నిమిషాలు

తెల్ల గుమ్మటాల కింద, అధ్యక్షుని పీఠం ముందు
మా చిన్న బల్ల.
పది నిమిషాలకొకరం లేచిపోతాం, ఇంకొకరు కూచుంటారు.
మాట తెగకూడదు. మేం తెగొచ్చు.

పదకొండూ నలభైకి నా వంతు.
పద్దుల మీద చర్చ, సగం కుర్చీలు ఖాళీ.
లేచినవాడు గుండేటి ఆగయ్య,
మొదటిసారి గెలిచిన మనిషి,
చేతిలో కాగితం లేదు.

"అధ్యక్షా, సముద్రం అవుతల తుపాకి పేల్తె
బేగంబజార్ల అంజీరు పండు ఉలిక్కిపడ్తది.
పన్నెండేండ్లు ఆడ మూటలు మోసిన నేను.
కాబూలు తొవ్వ మూసిండ్రంటె
పేపరు కన్న ముందు నా భుజానికి ఎరుకైతుండె.
మూట తేలికైతుండె, కూలి గూడ తేలికైతుండె."

ఎవరో నవ్వారు.
నవ్వును మేం రాయం, కుండలీకరణాల్లో పెడతాం.

"విదేశాంగం ఢిల్లీల ఉంటదంటరు. ఉండనీయుండ్రి.
దాని కాటా మాత్రం మా కాడ ఉంటది.
ఎవలతోని దోస్తాన్ చేసినమో, ఎవలతోని చెడ్డదో
పామాయిల్ డబ్బా చెప్తది, మంత్రిగారు చెప్పకున్నా.
అప్పు తెచ్చుకోవాలె అధ్యక్షా, తప్పులేదు.
అప్పిచ్చినోడు మన ఇంట్ల
కుర్చీ ఏడ వెయ్యాల్నో చెప్పిండనుకో,
ఆ దినమే అసలు వడ్డీ మొదలైనట్టు."

అన్నీ ఇంత బాగా అనలేదు.
ఇరాన్ అనాల్సిన చోట రెండుసార్లు ఇరాక్ అన్నాడు.
దేశం బంగారమంతా గోల్కొండ మీద దాస్తే
దొంగలు మెట్లెక్కలేక చస్తారన్నాడు.
వ్యాకరణం దిద్దే హక్కు మాకుంది,
దేశాలను దిద్దే హక్కు లేదు.
అలాగే రాశాను.

మా సంక్షిప్త లిపిలో ఒక నియమం ఉంది.
డకారానికి పెన్సిల్ ఒత్తాలి,
రకారానికి ఒత్తకూడదు.
డాలరు ఎప్పుడూ లావుగా పడుతుంది,
రూపాయి ఎప్పుడూ సన్నగా.
ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను,
ఆయన మాట్లాడుతుంటేనే చూశాను.
పోనీ ఈ ఒక్కసారి రూపాయిని ఒత్తి రాద్దామంటే
అది వేరే మాట అయిపోతుంది.

గంట మోగింది.
"గౌరవ సభ్యులు విషయానికి రావాలి.
విదేశీ వ్యవహారాలు ఈ సభ పరిధిలోకి రావు."

ఆయన మైకును కొంచెం దగ్గరికి లాక్కున్నాడు,
మూట కింద మెడ సర్దుకున్నట్టు.
"మరి ధర ఎట్లొచ్చింది అధ్యక్షా, ఈ సభ పరిధిలకు?
మా ఇండ్ల పరిధిలకు?
దానికి గేటు కాడ పాసు ఎవలిచ్చిండ్రు?"

ఆ మాట రికార్డుల్లోకి పోదన్నారు.
పోలేదు.
నా నోటుబుక్కులో మాత్రం
దాని మీద అడ్డగీత సరిగ్గా పడలేదు.

"ఒక్క నిమిషం ఇయ్యుండ్రి అధ్యక్షా,
అసలు ముచ్చట ఇంకా చెప్పనే లేదు..."

పదకొండూ యాభై.
రఫియా వచ్చి నా పక్కన పెన్సిల్ ఆనించింది.
నేను లేచాను.
తలుపు మూసుకునేదాకా ఆయన గొంతు వినబడింది,
మాటలు కాదు, గొంతు.

టైపు గదిలో ఫ్యాను చప్పుడు.
నా భాగం శుభ్రంగా కొట్టాను,
తొలగించిన చోట చుక్కలు పెట్టాను. ఏడు చుక్కలు.
మధ్యాహ్నం రఫియాను అడిగాను,
అసలు ముచ్చట ఏమిటట?
"మైకు కట్ చేశారక్కా. పెదాలు మాత్రం కదిలాయి.
పెదాలకు మన దగ్గర గుర్తు లేదు కదా."

సాయంత్రం ఇంటికి పోకుండా అఫ్జల్‌గంజ్‌లో దిగాను.
పసుపు ఘాటు, ఎండుమిర్చి తుమ్ములు,
తోపుడు బండ్ల మధ్య ఒక్క మనిషి పట్టే సందు.
బద్రీలాల్ కొట్లో అంజీరు దండలు వేలాడుతున్నాయి.
ధర అడిగాను.
"పొద్దుటిదా, ఇప్పటిదా?" అన్నాడు.

వెనక నుంచి ఒక కుర్రాడు
మూట మీద ఉన్న చేత్తోనే దారి అడిగాడు.
పక్కకు జరిగాను.
మూట తేలిగ్గా ఉందో బరువుగా ఉందో
నాకు తెలియలేదు.